నీటికి తొడిగిన నగలు



కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఇంటికి పంపే ఫొటోల్లో సముద్రం ఒడ్డున మూడు పొడవాటి స్తంభాలు కనిపిస్తుంటాయి. అవే కువైట్ టవర్లు. వాటిలో రెండు, నిజానికి, నీళ్ల ట్యాంకులు!

నదులు లేని దేశమది. ఒకప్పుడు తాగునీళ్లు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో వచ్చేవి. తర్వాత సముద్రపు నీటినే మంచినీరుగా మార్చుకున్నారు. ఆ నీటిని నిల్వచేయడానికి ఊళ్లో పుట్టగొడుగు ఆకారపు ట్యాంకులు లేచాయి. సముద్రం ఒడ్డున మాత్రం మరింత అందమైనవి కావాలని అక్కడి అమీర్ కోరారు. డెన్మార్క్‌కు చెందిన వాస్తుశిల్పి మాలీన్ బ్యోర్న్ ఈ టవర్లకు రూపమిచ్చారు. 1979లో ప్రజలకు తెరిచారు.

దగ్గరికెళ్లి తలెత్తి చూస్తే, టవర్ల మీది గోళాల నిండా ఎనామిల్ పూత పూసిన ఉక్కు బిళ్లలు. దాదాపు 41,000! నీలం, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో మసీదు గుమ్మటాల పలకలను గుర్తుచేస్తాయి. పెద్ద టవరు ఎత్తు 187 మీటర్లు. దాని కింది గోళంలో సగం నీళ్లు, పైసగంలో భోజనశాల.

నీటి విలువ తెలిసినవాళ్లు నీటికి నగలు తొడిగారు.

మన ఊరి ట్యాంకుకూ ఆ గౌరవం దక్కాలి. వెలిసిపోయిన సున్నం, చిరిగిన పోస్టర్లు దాని అలంకారం కాకూడదు. పంచాయతీ రంగులిస్తే, బడిపిల్లలు నేల మీద నిలబడి అందినంతమేర మన చెరువుల్నీ, కొంగల్నీ గీయగలరు. తాము బొమ్మ వేసిన ట్యాంకు కింద కుళాయి వృథాగా కారుతుంటే, ఆ పిల్లలే ముందుగా పరుగెత్తి కట్టేస్తారు. ఈసారి గ్రామసభలో ఈ మాట మీరే ఎత్తండి.