అడవిని చంపితే నేరం కాదా?



వినయ పిటకంలో ఒక చిన్న సంఘటన ఉంది. ఆళవి అనే ఊళ్లో భిక్షువులు తమ నివాసాలు కట్టుకోవడానికి చెట్లు నరుకుతున్నారు. ఒక చెట్టు మీద ఉంటున్న దేవత, వాళ్ల ఇంటి కోసం తన ఇల్లు పడగొట్టవద్దని ఒక భిక్షువును వేడుకుంది. ఆయన వినలేదు. గొడ్డలి దెబ్బ ఆమె బిడ్డ చేతికి తగిలింది. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. అతణ్ని అక్కడికక్కడే చంపేద్దామనుకుంది. కానీ తనను తాను ఆపుకుని, బుద్ధుడి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పుకుంది. ఊరి జనం కూడా భిక్షువులను తప్పుపట్టారు. బుద్ధుడు భిక్షువులను పిలిపించి, ఇది నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నారు. అప్పుడు చెట్లను, మొక్కలను నాశనం చేయడం పాచిత్తియ దోషమని నియమం పెట్టాడు.

దేవత ఉందా లేదా అనే చర్చ మనకొద్దు. ఇందులో మూడు విషయాలు చూడండి. నష్టపోయినవారి మాట వినే చోటు ఒకటి ఉంది. విన్న తర్వాత, జరిగినదాన్ని తప్పు అని పేరు పెట్టి చెప్పడం ఉంది. ఇక మూడోది: వినయం ప్రకారం, ఏ పని వల్ల నియమం పుట్టిందో ఆ పని మొదటిసారి చేసిన భిక్షువుకు దోషం అంటదు. అప్పటికి నియమం లేదు కాబట్టి. తర్వాత చేసినవాడికి మాత్రం ఆ మినహాయింపు ఉండదు.

ఈ మూడో విషయం గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు వియత్నాం సంగతి చూద్దాం.

1962 నుంచి 1971 వరకు అమెరికా సైన్యం వియత్నాం అడవుల మీద, పంటపొలాల మీద విమానాలతో ఆకులు రాల్చే మందులు చల్లింది. మొత్తం 7 కోట్ల లీటర్లకు పైనే. అందులో ఎక్కువగా వాడిన మందు పేరు ఏజెంట్ ఆరెంజ్. శత్రువు దాక్కోవడానికి ఆకు మరుగు ఉండకూడదు, తినడానికి పంట ఉండకూడదు. అదీ ఆలోచన. మడ అడవులు ఎండి మోడులయ్యాయి. ఆ మందులో కలిసివున్న డయాక్సిన్ అనే విషం నేలలోకి, చెరువుల అడుగు బురదలోకి చేరింది. డానాంగ్ విమానాశ్రయం దగ్గర కలుషితమైన మట్టిని శుభ్రం చేసే పని 2018లో గానీ పూర్తికాలేదు. బియెన్ హోవాలో ఆ పని 2019లో మొదలైంది. యుద్ధం ముగిసింది 1975లో!

బాధితులు అమెరికా కోర్టుకు వెళ్లారు, ఆ మందు తయారుచేసిన కంపెనీల మీద దావా వేశారు. 2005లో కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటి అంతర్జాతీయ చట్టం ప్రకారం మొక్కలను చంపే మందు చల్లడం నిషేధం కిందికి రాదని తేల్చింది. అంటే నష్టం ఉంది, నష్టపోయినవాళ్లు ఉన్నారు, చేసినవాళ్లు ఉన్నారు. ఆ తప్పుకు చట్టంలో పేరు లేదు. ఆళవి భిక్షువులాగా వాళ్లు 'మొదటివాళ్లు' అయి బయటపడ్డారు.

ఆ తప్పుకు పేరు పెట్టినవాడు ఆర్థర్ గాల్‌స్టన్ అనే వృక్షశాస్త్రవేత్త. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన సోయా మొక్కలు త్వరగా పూతకు రావడానికి ఒక రసాయనం మీద పరిశోధన చేశాడు. మోతాదు మించితే ఆకులు రాలిపోతాయని కూడా గమనించి రాశాడు. ఆ పరిశీలన తర్వాత యుద్ధ పరిశోధకులకు పనికొచ్చింది. రైతుకు మేలు చేద్దామనుకున్న పని ఎటు పోయిందో చూసి ఆయన ఊరుకోలేదు. తోటి శాస్త్రవేత్తలతో కలిసి ఆ మందులకు వ్యతిరేకంగా పోరాడాడు. 1970లో వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సులో ఈ విధ్వంసాన్ని 'ఇకోసైడ్' అన్నాడు. జాతిహననం లాగే ఇది పర్యావరణ హననం అని.

పేరు వచ్చి యాభై ఏళ్లు దాటింది. చట్టం ఎక్కడుంది? ద హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నాలుగు నేరాలను విచారిస్తుంది: జాతిహననం, మానవత్వంపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ. పర్యావరణానికి కలిగించే తీవ్ర నష్టం యుద్ధ నేరాల కింద ఒక చిన్న అంశంగా ఉంది. శాంతికాలంలో ఒక నదిని, ఒక అడవిని చంపినవాడు ఆ కోర్టుకు కనిపించడు. దీన్ని ఐదో నేరంగా చేర్చాలని 2021లో అంతర్జాతీయ న్యాయనిపుణులు ఒక నిర్వచనం తయారుచేశారు. 2024లో వనువాటు, ఫిజీ, సమోవా అనే పసిఫిక్ ద్వీపదేశాలు అధికారికంగా ప్రతిపాదించాయి. సముద్రమట్టం పెరిగితే ముందుగా మునిగేది అలాంటి దేశాలే. అంటే ఈసారి కూడా ఇల్లు పోతున్నవాళ్లే వచ్చి చెప్పుకున్నారు.

మన దేశం ఆ కోర్టులో సభ్యదేశం కాదు. అమెరికా, చైనా, రష్యా కూడా కాదు. సభ్యదేశాల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే గానీ కొత్త నేరం చేరదు. కాబట్టి రేపే అంతా మారిపోతుందని నేను చెప్పను. అయితే ఇది తప్పా కాదా అని తేల్చుకోవడానికి మనం ఏ కోర్టు కోసమూ ఆగనక్కర్లేదు కదా.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "బుద్ధుడు చేతననే కర్మ అన్నాడు. అడవిని చంపాలని ఎవరూ అనుకోరు. గని తవ్వాలనుకుంటారు, ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటారు. ఉద్దేశం చెడ్డది కానప్పుడు నేరం ఎలా అవుతుంది?"

మంచి ప్రశ్నే. ధమ్మంలో అకుశలానికి మూలాలు మూడు: లోభం, ద్వేషం, మోహం. కోర్టు విచారించే ఆ నాలుగు నేరాల్లోనూ ద్వేషం మన కంటికి ఇట్టే కనిపిస్తుంది. ద్వేషంతో చంపేవాణ్ని నేరస్థుడు అనడం మనకు అలవాటే. లోభంతో చంపేవాణ్ని మాత్రం పెట్టుబడిదారు అంటాం, పూలదండ వేస్తాం. నదిలోకి విషం వదిలే గొట్టానికి నది మీద ద్వేషమేమీ లేదు. శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చు మిగుల్చుకోవాలన్న లోభం ఉంది. బుద్ధుడు ఉపాసకులు చేయకూడదన్న ఐదు వ్యాపారాల్లో విష వ్యాపారం ఒకటి. అమ్మేవాడికి కొనేవాడి మీద పగ ఉండాలని ఆయన షరతు పెట్టలేదు.

2021 నిర్వచనంలో కీలకమైన మాట 'తెలిసి'. తీవ్రమైన నష్టం జరిగే అవకాశం బలంగా ఉందని తెలిసి కూడా చేయడం. తెలిశాక ఆగకపోవడం కూడా చేతనే. మరి తెలియదన్నవాడి మాటేమిటి? మిలింద రాజుకు నాగసేనుడు ఒక ఉపమానం చెప్పాడు: కాలిన ఇనుప గుండును తెలిసి పట్టుకున్నవాడికన్నా, తెలియక పట్టుకున్నవాడి చెయ్యే ఎక్కువ కాలుతుంది. తెలుసుకునే వీలుండి తెలుసుకోనివాడు తప్పించుకోలేడు. అతని చెయ్యి ఒక్కటే కాలితే బాగుండేది. ఇక్కడ కాలేది ఊరంతా.

ఇంకొకరు అడగవచ్చు: "కరుణ చెప్పే ధమ్మం జైలుశిక్షను ఎలా సమర్థిస్తుంది?" నిజమే, శిక్ష ఒక్కటే చాలని ధమ్మం ఎక్కడా చెప్పలేదు. చక్కవత్తి సీహనాద సుత్తంలో రాజు పేదల లేమిని పట్టించుకోకుండా దొంగలకు ఘోర శిక్షలు వేస్తాడు. దాంతో హింస ఇంకా పెరుగుతుంది. కానీ ఆ కథలో శిక్ష పడింది పేదవాడికి. మన దగ్గరా అంతే. మోపు కట్టెలు కొట్టుకున్న మనిషి మీద కేసు ఉంటుంది. వేల ఎకరాలు నరికేవాడి చేతిలో అనుమతి కాగితం ఉంటుంది. ఇప్పుడు అడుగుతున్న చట్టం ఆ కాగితం మీద సంతకం చేసిన చేతిని, చేయించుకున్న చేతిని ప్రశ్నిస్తుంది.

అశోకుడిని తలుచుకోండి. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద ఆయన శాసనాలు ఈనాటికీ ఉన్నాయి. కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపపడిన పదమూడో శాసనంలోనే, క్షమించగలిగినంత వరకు క్షమిస్తానంటూ, శిక్షించే శక్తి కూడా తనకుందని అడవి ప్రజలకు గుర్తుచేశాడు. తర్వాతి కాలంలో వేయించిన ఐదో స్తంభ శాసనంలో, అకారణంగా గానీ ప్రాణులను చంపడానికి గానీ అడవులను తగలబెట్టకూడదని ఆజ్ఞాపించాడు. ఆయనకు పశ్చాత్తాపమూ, చట్టమూ ఒకదానికొకటి అడ్డు కాలేదు. ఇంకా చెయ్యబోయే పాపం నుంచి ఒక మనిషిని ఆపడం అతని మీద కరుణే. ఆపకపోతే బలయ్యే ప్రాణుల మీద కూడా కరుణే.

చివరిగా మన సంగతి. మనం కూడా కరెంటు వాడతాం, బండి నడుపుతాం, ప్లాస్టిక్ పారేస్తాం. అందుకని "మనమే దొంగలం, ఎవర్నీ అనే హక్కు మనకు లేదు" అని కూర్చుంటే లాభపడేది పెద్ద దొంగే. చట్టం ఎక్కువ శక్తి ఉన్నవాణ్ని పట్టుకోవాలి. శీలం మనలో ప్రతి ఒక్కరినీ పట్టుకోవాలి. ఈ రెండు పనులూ జరగాల్సిందే.

పంచశీలలో మొదటిది ప్రాణహింస చేయనని. ఇకనుంచి ఆ మాట పలికేటప్పుడు మీ ఊరి చెరువును, ఆ చెరువును నమ్ముకున్న కొంగలను, చేపలను, మనుషులను కూడా మనసులోకి తెచ్చుకోండి. ఆ చెరువుకు ఏదైనా జరుగుతోందని ఎవరైనా వచ్చి చెబితే కొట్టిపారేయకండి. బుద్ధుడు అడిగినట్టే అడగండి: ఇది నిజమేనా? నిజమైతే అది తప్పని పేరు పెట్టి నలుగురిలో చెప్పండి.

సకల ప్రాణులకూ మంగళం కలుగుగాక.