పలికితే పలకడం



ఆలుమగల మధ్య ప్రేమ దేనివల్ల నిలబడుతుంది? అమెరికాలోని సియాటెల్‌లో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇల్లులాంటి ప్రయోగశాల ఏర్పాటు చేసి, కొత్తగా పెళ్లయిన జంటలు అక్కడ మసలుకునే తీరును గమనించారు. ఆరేళ్ల తర్వాత వాళ్ల కాపురాలు ఎలా ఉన్నాయో చూశారు. కలిసి ఉన్నవాళ్లు, ఆనాడు ఒకరి పలకరింపుకు ఒకరు నూటికి 86 సార్లు స్పందించినవాళ్లు. విడిపోయినవాళ్లు స్పందించింది 33 సార్లే.

ఆ పలకరింపులు ఎంత చిన్నవో! "ఆ పిట్టను చూడు, ఎంత బాగుందో!" అన్నంతటివి. పైకి పిట్ట గురించే. లోపల మాత్రం "కాసేపు నాతో ఉండు" అన్న కోరిక. మాట వెనకున్న ఆ మనసును వినగలగడమే భావోద్వేగ ప్రజ్ఞ.

కోపంలోనూ ఈ ప్రజ్ఞే కాపాడుతుంది. గుండె దడదడలాడుతుంటే ఎదుటివారి మాట చెవికెక్కదు. అప్పుడు కనీసం 20 నిమిషాలు వాదన ఆపమంటారు గాట్‌మన్. అయితే, చెప్పకుండా లేచి వెళ్లిపోతే అవతలివారికి అది శిక్షలా తగులుతుంది. "నాకిప్పుడు కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడుకుందాం" అని చెప్పి వెళ్లండి. అన్నమాట ప్రకారం తిరిగొచ్చి మాట్లాడండి.

ఈ తెలివి పుట్టుకతోనే రానక్కర్లేదు, సాధనతో అబ్బుతుంది. ఇవాళ మీ ఆయనో, మీ ఆవిడో ఏదైనా చెప్పబోతే ఫోన్ పక్కన పెట్టి, ముఖంలోకి చూస్తూ వినండి. సలహా తర్వాత ఇవ్వొచ్చు. ముందు పూర్తిగా విందాం.