నజరేయుడను పేరు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 22:6–8



గోపన్‌పల్లిలో ఒక పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చుటకు మేము వెళ్లియుంటిమి. ఒకప్పుడు పొలములుండిన ఆ పల్లె చుట్టును ఇప్పుడు కంప్యూటరు కంపెనీల మేడలు లేచియున్నవి. బిడ్డ తండ్రి అట్టి కంపెనీలోనే ఉద్యోగి. మేము రిజిస్టరు తెరవగా అతడు మెల్లగా, “అయ్యగారూ, ఇంటిపేరు వ్రాయకండి. అది వినగానే కులమేదని అడుగుతారు” అనెను. అతని బాధ మాకు తెలియనిది కాదు. కలము ఆపితిమి. అంతలో బిడ్డ నాయనమ్మ, “బాప్తిస్మంల పాపం పోవాలె గాని, మా పెద్దల పేరెందుకు పోవాలె అయ్యగారూ?” అనెను. మాకు నోట మాట రాలేదు.

మన తెలుగువారి ఇంటిపేర్లలో అనేకము ఊళ్ల పేర్లే. కొండపల్లి, వేములపల్లి మొదలగునవి అట్టివి. పూర్వులు ఒక ఊరు విడిచి మరియొక ఊరు చేరినప్పుడు, అక్కడివారు వారిని పాత ఊరి పేరుతో గుర్తించిరి. మరికొన్ని ఇంటిపేర్లు చెట్లనుండియు, జంతువులనుండియు, వృత్తులనుండియు వచ్చినవి. వీటిలో సిగ్గుపడదగినది ఏమున్నది?

మహాకవి గుర్రం జాషువా గారిని (1895–1971) జ్ఞాపకము చేసికొనుడి. జాషువా అనగా హెబ్రీ భాషలో యెహోషువ, అనగా యెహోవాయే రక్షణ. యేసు అను నామమును అందుండి వచ్చినదే. అంటరానివాడని లోకము ఆయనను అవమానించినను, ఇంటిపేరును పెట్టినపేరును రెంటిని ధరించియే ఆయన తెలుగు కవులలో నిలిచెను.

మన ప్రభువు సంగతి చూడుడి. నజరేతు చిన్న ఊరు. అక్కడనుండి మంచిదేదైన రాగలదా అని నతనయేలు సందేహించెను. సిలువమీద పిలాతు వ్రాయించిన పలకలోను ఆ ఊరి పేరున్నది. ప్రభువు మహిమపొందిన తరువాత ఆ పేరు విడిచిపెట్టెనా? లేదు. దమస్కు మార్గమున సౌలు నీవెవడవని అడిగినప్పుడు, పరలోకపు వెలుగులోనుండి, తాను నజరేయుడైన యేసునని ఆయనే చెప్పెను. మనుష్యులు చిన్నచూపు చూచిన ఊరి పేరును ఆయన పరలోకమునకు తీసికొనిపోయెను!

అయితే ప్రియులారా, ఆ తండ్రిని భయపెట్టినది అతని ఇంటిపేరు కాదు, దానిని విని మనిషిని తూచెడి మన చెవులే. ధనవంతుని పేరుకు ‘గారు’ అనియు, కూలివాని పేరుకు ‘గాడు’ అనియు చేర్చు నాలుక ప్రభువు బల్లయొద్దకు ఎట్లు రాగలదు? మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపేరున పిలుచును. మన సంఘములో, మన పొలములో, మన వాకిట పనిచేయువారిని పూర్తి పేరుతో మర్యాదగా పిలుచుట ఈ వారమే ఆరంభింతము.

ఆ దినమున తండ్రి కొంతసేపు తల వంచుకొని, తుదకు, “వ్రాయండి అయ్యగారూ” అనెను. ఇంటిపేరుతోనే వ్రాసితిమి.

నజరేయుడవైన ప్రభువా, మా పిల్లలను సిగ్గునుండియు, మా నాలుకలను గర్వమునుండియు విడిపించుము. ఆమేన్.