పసిబిడ్డకు గుడ్డలా? డైపర్లా?

ఇంట్లో బిడ్డ పుట్టగానే చేయవలసినవన్నీ మనకు గుర్తుంటాయి. చెవిలో అజాన్ పలికిస్తాం. నమిలిన ఖర్జూరం పసినోటికి రాయిస్తాం. ఏడవ రోజు అఖీఖా, తల వెంట్రుకల ఎత్తు వెండి సదఖా, ఒక మంచి పేరు. వీటికి సంబంధించిన మస్‌అలాలు అడగడానికి తండ్రులు, తాతలు మస్జిదుకు వస్తారు. కాని ఆ ఇంటి స్త్రీలకు రోజుకు పదిసార్లు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. దాన్ని అడగడానికి మాత్రం ఎవరూ రారు. బిడ్డకు గుడ్డలు కట్టాలా, డైపర్లు వేయాలా?

ఇది కూడా ఒక మస్‌అలాయేనా అని నవ్వేవారు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఉదంతం గుర్తు తెచ్చుకోవాలి. మీ ప్రవక్త మీకు మలమూత్ర విసర్జన పద్ధతి కూడా నేర్పుతాడా అని బహుదైవారాధకులు ఎగతాళి చేస్తే ఆయన సిగ్గుపడలేదు. అవును, నేర్పారని చెప్పి, ఆ నియమాలేమిటో కూడా వివరించారు (ముస్లిం).

పాత నూలు చీరనో, లుంగీనో చింపి, ఉతికి మెత్తబరచిన ముక్కల మీదే మన తరాలన్నీ పెరిగాయి. తెలుగులో వాటిని పొత్తిగుడ్డలంటారు, ఉర్దూలో పోత్‌డే. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉందో లేదో భాషాపండితులు తేల్చాలి. పుట్టుకతోనే ధనవంతుడైన వాణ్ణి ‘పోత్‌డోఁ కా రయీస్’ అనడం ఉర్దూవారికి అలవాటు. ఇప్పుడు ఆ గుడ్డల స్థానంలోకి డైపర్ వచ్చింది. ఏ కంపెనీది అయినా మన ఇళ్ళలో దాని పేరు ‘ప్యాంపరే’. చెక్క నుంచి తీసిన గుజ్జు, తడిని పీల్చుకుని జెల్లుగా మారే రసాయనపు పొడి, వాటి చుట్టూ ప్లాస్టిక్ పొరలు - ఇదీ దాని నిర్మాణం.

అయిదుగురిని గుడ్డల మీదే పెంచామని అత్తగారు అంటారు. ఆ కాలం వేరని కోడలు అంటుంది. డైపర్ వాడటం పరాయి జాతుల అనుకరణ అని ఒక పెద్దమనిషి తీర్పు చెబుతాడు. అలాగైతే ఇంట్లోని ఫ్యానునూ, కుక్కరునూ కూడా బయట పారేయాలి కదా! వస్తువుల విషయంలో షరీఅత్ మూలసూత్రం అనుమతి. నిషేధానికి ఆధారం దొరికితే తప్ప ఏ వస్తువూ నిషిద్ధం కాదు. కనుక గుడ్డ ధర్మసమ్మతమే, డైపరూ ధర్మసమ్మతమే. అయితే ఇక్కడితో మాట ముగియదు. పసిబిడ్డ మలమూత్రాలను ఎవరో ఒకరు తీయక తప్పదు. మన సౌకర్యం కోసం ఆ భారాన్ని ఎవరి మీదకు నెడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

మొదట తహారత్ (పరిశుద్ధత) సంగతి చూద్దాం. ఎందుకంటే ఇక్కడే చాలామంది సోదరీమణులు తీరని నష్టానికి గురవుతున్నారు.

నిఫాస్ (ప్రసవానంతర స్రావం) ఉన్నంతకాలం తల్లికి నమాజు లేదు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం దాని గరిష్ఠ పరిమితి 40 రోజులు. కనిష్ఠ పరిమితి ఏదీ లేదు. ఇరవయ్యో రోజే స్రావం పూర్తిగా ఆగిపోతే ఆనాడే గుస్ల్ చేసి నమాజు ప్రారంభించాలి. ‘చిల్లా’ నిండలేదని కూర్చోవడం సరికాదు. ఆ తర్వాత మరో సాకు మొదలవుతుంది. ‘పాలు తాగే పిల్లవాడు ఒళ్ళో ఉన్నాడు, బట్టలు పాక్‌గా ఉండవు, వీడు నడక నేర్చాక మళ్ళీ మొదలుపెడతాను’ అని ఆమె అనుకుంటుంది. అలా ఏడాది గడుస్తుంది. ఈలోగా మరో కాన్పు వస్తే ఇంకో ఏడాది. ఏ ధర్మమైతే తల్లి పాదాలకు అంత గౌరవమిచ్చిందో, ఆ ధర్మంలోని అతి గొప్ప ఆరాధనకు ఆమె మాతృత్వం కారణంగానే దూరమవుతోంది. ఇంతకంటే విచారకరం ఏముంటుంది?

దైవప్రవక్త (సల్లం) కాలంలో డైపర్లు లేవు. పసిపిల్లలు మాత్రం ఉన్నారు. హజ్రత్ ఉమ్మె ఖైస్ (రజి) ఇంకా అన్నం ముట్టని తన మగబిడ్డను తీసుకువస్తే ఆయన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. బిడ్డ ఆయన దుస్తుల మీదే మూత్రం పోశాడు. ఆయన కసురుకోలేదు, చిరాకు పడలేదు. నీళ్ళు తెప్పించి ఆ చోట చల్లారు (బుఖారీ). పాలు తప్ప మరేదీ తినని మగబిడ్డ మూత్రం అయితే నీళ్ళు చల్లితే చాలని, ఆడబిడ్డదైతే కడగాలని షాఫయీ పండితులు ఈ కోవకు చెందిన హదీసుల నుంచే గ్రహించారు. మన హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బు కుటుంబాలు ఈ ఫిఖ్‌హ్‌నే అనుసరిస్తాయి. హనఫీల దృష్టిలో ఇద్దరిదీ కడగవలసిందే. మగబిడ్డది కాస్త తేలికగా కడిగినా సరిపోతుంది. ఎవరు ఏ ఫిఖ్‌హ్‌ను అనుసరిస్తే దాని మీదే నిలకడగా ఉండాలి. ఈ విషయంలో అత్తవారిల్లూ పుట్టిల్లూ వాదులాడుకోవడం తగదు.

కడగడమంటే మొత్తం దుస్తులు మార్చుకోవడం కాదు. తడి తగిలిన చోటు కడిగితే చాలు. సూదిమొనంత తుంపరలు పడితే మన్నింపు ఉంది. మూత్రం లాంటి కనిపించని మలినమైతే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలి. మలమైతే పదార్థం పోయేదాకా కడగాలి. ఆ తర్వాత కూడా వదలని మరక మిగిలితే దోషం లేదు. హజ్రత్ ఖౌలా బిన్తె యసార్ (రజి) తనకు ఒకే ఒక్క దుస్తు ఉందని, రక్తం మరక పోవడం లేదని విన్నవించుకున్నప్పుడు, నీళ్ళతో కడగడమే చాలునని, మరక వల్ల నష్టం లేదని ప్రవక్త (సల్లం) చెప్పారు (అబూ దావూద్). పసుపుపచ్చని మరకలు పోలేదని నాలుగైదుసార్లు ఉతికి చేతులు పగులగొట్టుకునే తల్లులు ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

వాషింగ్ మెషిన్ ఉన్న ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. మూత్రపు గుడ్డలను కడగకుండానే ఇంటిల్లిపాది బట్టలతో కలిపి వేస్తారు. ఆ ఒకే నీటిలో అన్నీ తిరుగుతాయి కాబట్టి అన్నీ నాపాక్ అవుతాయి. ఆ తర్వాత శుభ్రమైన నీటితో మూడుసార్లు జాడించి పిండే ఏర్పాటు ఆ మెషిన్‌లో లేకపోతే బయట మళ్ళీ జాడించుకోవాలి. దీనికంటే పిల్లల గుడ్డలను ముందుగా కుళాయి కింద కడిగి పిండుకుని, ఆ తర్వాత మెషిన్‌లో వేయడమే సులువు.

ఇంకొక అపోహ. బిడ్డకు కడిగినంత మాత్రాన తల్లి వుజూ పోతుందనుకుంటారు. హనఫీల దగ్గర పోదు, చేతులు కడుక్కుంటే చాలు. మర్మావయవాన్ని అరచేత్తో తాకితే వుజూ భంగమవుతుందన్నది షాఫయీల మాట.

డైపర్ ఇక్కడ నిజంగానే ఉపకారం చేస్తుంది. బయటికి కారనంతవరకు తల్లి బట్టలు పాక్‌గానే ఉన్నట్టు లెక్క. కారిందేమోనన్న అనుమానంతో పాక్ బట్టలు నాపాక్ కావు, ఎందుకంటే సందేహం వల్ల నిశ్చయం తొలగదు. కాని తడిసిన డైపర్‌తో ఉన్న పసికందును ఎత్తుకుని నమాజు చేయకూడదు. తనంతట తాను నిలవలేని బిడ్డను ఎత్తుకుంటే ఆ మలినాన్ని మోస్తున్నది నమాజు చేసే మనిషే అవుతుంది. దైవప్రవక్త (సల్లం) తన మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేసిన హదీసు ప్రామాణికమైనదే, అయితే ఆమె శుభ్రంగా ఉందన్న అర్థంలోనే పండితులు దాన్ని గ్రహించారు. మగ్రిబుకు ముందు ఒక కొత్త డైపర్ వేసి, నమాజు కోసమని విడిగా దాచుకున్న ఒక జత బట్టలు, ఒక ఓఢ్నీ ఉంటే ఆ తల్లికి ఏ సాకూ మిగలదు. గుడ్డలు కట్టే ఇంట్లోనైనా ఆ విడి జత ఉంటే సరిపోతుంది.

మూత్రం విషయంలో అజాగ్రత్తకు సమాధిలో శిక్ష పడిన మనిషి హదీసు బుఖారీలో ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అలాగని దాని భయంతో నమాజే వదిలేయమని ఏ పండితుడూ చెప్పలేదు.

ఇక శ్రమ, ఖర్చు. అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో పాలిచ్చే తల్లుల గురించి చెబుతూ, వారి అన్నవస్త్రాల బాధ్యతను తండ్రి మీద ఉంచాడు. బిడ్డ మూలంగా తల్లిని గాని, తండ్రిని గాని కష్టపెట్టరాదని కూడా ఆ ఆయతులోనే ఆదేశించాడు (2:233). ఈ ఆయతును మన ఇళ్ళ మీద పెట్టి చూడండి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ప్రాంతపు ఆచారం. అది షరీఅత్ విధించినది కాదు. కూతుర్ని దగ్గర పెట్టుకుని చూసుకోవాలన్న ప్రేమతో చేస్తే మంచిదే. కాని ఆసుపత్రి బిల్లు మొదలుకుని డైపర్ ప్యాకెట్ల దాకా మామగారి నెత్తిన వేసి, నలభయ్యో రోజున తెల్లని జుబ్బాతో వచ్చి బిడ్డను ఎత్తుకునే అల్లుడు ఏ ఆయతును పాటిస్తున్నాడు? ఒక్కో డైపర్ పది రూపాయలనుకుంటే, రోజుకు ఆరు చొప్పున నెలకు 1,800 రూపాయలవుతుంది. ఇది బిడ్డ ఖర్చు, బిడ్డ తండ్రి బాధ్యత. తన దగ్గర లేకపోతే లేదని చెప్పాలి, అప్పుడు గుడ్డలతో గడుపుకుంటారు. గుడ్డలతో పెరిగే బిడ్డకు అవమానమేమీ లేదు. అఖీఖా దావతుకు మూడువందల మందిని పిలవడానికి ఉన్న డబ్బు దీనికి లేదంటే మాత్రం అది లేమి కాదు.

గుడ్డలే వాడాలని పట్టుబట్టే భర్తలకూ, అత్తగార్లకూ ఒక ప్రశ్న. ఉతికేదెవరు? నిర్ణయం ఒకరిది, చేతులు మరొకరివి అయినప్పుడు ఆ నిర్ణయంలో న్యాయం ఉండదు. కుట్లు మానని శరీరంతో, రాత్రి మూడుసార్లు లేచి పాలిచ్చే మనిషి పొద్దున్నే ఇరవై గుడ్డలు ఉతకాలి. వానాకాలంలో అవి ఆరవు, నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. బలహీనత మీద బలహీనత భరిస్తూ తల్లి బిడ్డను మోసిందని అల్లాహ్ స్వయంగా గుర్తుచేశాడు (31:14). ఆమె డైపర్ అడిగితే సోమరి అనే నోటికి ఈ ఆయతు వినిపించాలి. దైవప్రవక్త (సల్లం) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు (బుఖారీ). నలుగురిలో కూర్చుని సున్నతుల గురించి మాట్లాడే మగవాడు బిడ్డ గుడ్డల బకెట్టు ముట్టుకుంటే ఆయన గౌరవానికి లోటు రాదు.

అయితే డైపర్‌తో శ్రమ మాయమవుతుందా? మన ఇంటి గడప దాటుతుంది, అంతే. ఇది మనం అస్సలు ఆలోచించని భాగం. మలంతో సహా చుట్టి, పల్చటి కవరులో వేసి, మస్జిదు వెనుక ఖాళీ స్థలంలోకో, నాలాలోకో విసిరేస్తాం. కుక్కలు దాన్ని వీధిలోకి లాక్కొస్తాయి. చెత్త ఆటోలో వేసినా, తడిచెత్త పొడిచెత్త వేరుచేసే మనిషి చేత్తోనే దాన్ని తీస్తాడు. హైదరాబాదు చెత్త ఏళ్ళ తరబడి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతోంది. అక్కడ ప్లాస్టిక్, ఇనుము ఏరుకుని బతికేవారి చేతులకు తగిలేది మన బిడ్డ మలమే. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని ఈ దేశ చట్టం నేరమంది, 2013లో దానికి మరింత కట్టుదిట్టమైన చట్టం వచ్చింది. ఆ పనినే మనం పొట్లం కట్టి పంపిస్తున్నాం. దారిలో, జనం సేదదీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పనులని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అన్నారు. డైపర్‌ను వీధిలో విసిరేవాడు ఆ శాఖకు ఎదురు నడుస్తున్నాడు.

పర్యావరణం పేరుతో గుడ్డలకే పూర్తి మార్కులు వేసేవారూ ఉన్నారు. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్క కట్టింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్ళలో అయ్యే కర్బన ఉద్గారాలు డైపర్లతో సుమారు 550 కిలోలు, గుడ్డలతో సుమారు 570 కిలోలు అని తేలింది. కారణం అక్కడి వేడినీళ్ళు, కరెంటుతో ఆరబెట్టే యంత్రాలు. మెషిన్ నిండుగా వేసి, ఆరుబయట దండెం మీద ఆరేసి, అవే గుడ్డలను రెండో బిడ్డకూ వాడితే దాదాపు 40 శాతం తగ్గుతుందని కూడా అదే నివేదిక చెప్పింది. ఆ దండెం, ఆ ఎండ మన డాబాల మీద ఊరికే ఉన్నాయి. కనుక మన వాతావరణంలో మొగ్గు గుడ్డ వైపే ఉంటుంది. ఉతికే చేతులు ఒకటికి రెండు ఉన్న ఇంట్లో పగలు గుడ్డలు, రాత్రులకూ ప్రయాణాలకూ డైపర్లు వాడుకోవడం నా దృష్టిలో మధ్యేమార్గం. కాన్పుతో నీరసించిన తల్లి ఒంటరిగా ఉన్న ఇంట్లో, ఆమె కోలుకునేదాకా పూర్తిగా డైపర్లే వాడినా ఇస్రాఫ్ (దుబారా) కాదు, అవసరమే. తడిసిన డైపర్‌ను ఖరీదైనదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచేసి, బిడ్డ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయేలా చేయడం మాత్రం పొదుపు కాదు, అమానతు పట్ల నిర్లక్ష్యం.

వాడేవారు పారవేసే పద్ధతి కూడా నేర్చుకోవాలి. ముందు మలాన్ని మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు పోయాలి. తర్వాత డైపర్‌ను లోపలికి చుట్టి, దాని పట్టీలతోనే బిగించి, కాగితంలో పొట్లం కట్టాలి. ఇలా విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమావళి కూడా ఆదేశించింది. పుణె వంటి నగరాల్లో పొట్లం మీద ఎర్ర చుక్క పెట్టే పద్ధతి తెచ్చారు. తీసేవాడికి విప్పకుండానే లోపల ఏముందో తెలుస్తుంది. ఒక స్కెచ్ పెన్నుతో అయిపోయే పని. చుట్టడానికి చేతికందిన కాగితమల్లా వాడకండి. మన ఇళ్ళలో ఎక్కువగా దొరికేది ఉర్దూ దినపత్రిక. దాని మొదటి పేజీలో ఆయతు అనువాదమో, లోపలి పేజీల్లో అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అన్న పేర్లో ఉంటాయి. శుక్రవారం అనుబంధంలోనైతే హదీసులే ఉంటాయి. కిరాణా కొట్టు నుంచి వచ్చే ఖాళీ కాగితపు సంచులను ఇందుకోసం దాచిపెట్టుకోండి.