కరిగిపోయిన ఫ్యూజు దోషియా?



మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు తోలు వ్యానులు, పుంగనూరు పల్లెల నుండి రోగులను ఆసుపత్రికి చేర్చు అద్దె కార్లు, కుప్పము రైలుకు మనుష్యులను దింపు జీపులు మనము ప్రతిదినము చూచుచున్నాము. వీటిలో స్టీరింగు క్రిందనో బానెట్టు లోపలనో ఒక చిన్న పెట్టె, దానిలో ఫ్యూజులు ఉండును. పాత అంబాసిడరు కార్లలో అవి గాజు గొట్టములు. 1970వ దశకములో వచ్చిన ప్లాస్టిక్ ఫ్యూజులకు రంగే గుర్తు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

ఇంట ఫ్యూజు కట్టినవారికి దీని పని తెలియును. మితిమీరి కరెంటు పారినప్పుడు లోపలి సన్నని లోహము కరిగి దారి తెంచును. తెగనియెడల వేడెక్కునది వెనుకనున్న తీగ. దాని తొడుగు కాలును, తరువాత బండియే కాలవచ్చును. “పాడు ఫ్యూజు, పోయింది” అని విసుగుకొందుము. పోవుటయే దాని పని! అది బలహీనమై పోలేదు, చెప్పవలసిన మాట చెప్పి పోయినది.

అప్పుడు మనమేమి చేయుదుము? తాళము త్రిప్పి బండి ఆపి, పోయినదానిని పీకి, అదే అంకెగలది పెట్టవలెను. కొన్నిసార్లు పాతబడుట చేతను, గతుకుల దారిలో అదురుట చేతను ఫ్యూజు తెగును. అట్టిది మార్చగానే బండి నడచును. అయితే క్రొత్తది కూడ వెంటనే పోయినయెడల ఎక్కడనో తీగ ఒరిసికొని బాడీకి తగులుచున్నదని వెదకవలెను. వెదకుటకు ఓపిక లేనివాడు 10 ఉండవలసిన చోట 30 పెట్టును, లేదా సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము చుట్టును. ఇక ఫ్యూజు పోదు. పనివాడు గట్టివాడని మెచ్చుకొందుము కూడ. తీగలో ప్రవాహము రెండింతలైన వేడిమి నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. కాబట్టి ఆ మనుష్యుడు, తొమ్మిదింతల వేడిమి వచ్చువరకు ఎవరును నోరు మెదపకూడదని ఆజ్ఞాపించినవాడగుచున్నాడు.

ఒక చిక్కు ప్రశ్న కలదు. పలమనేరు దాటి కుప్పము పోవు దారిలో, రాత్రివేళ, ప్రసవవేదన పడుచున్న స్త్రీ పాత జీపులో ఉండగా దీపములు ఆరిపోయిన యెడల? 1990లో కౌండిన్య అభయారణ్యముగా ప్రకటింపబడిన అడవి ఆ ప్రక్కలనే యున్నది, ఏనుగులు రోడ్డుమీదికి వచ్చును. వెండి కాగితము చుట్టిన డ్రైవరును పాపి అందుమా? నా నోట ఆ మాట రాదు. అయినను అతనికి మరియొక దారి కలదు. అదే పెట్టెలో పాటలు వినిపించు రేడియోకు ఒక ఫ్యూజున్నది. అంకె సమానమైనయెడల దానిని తీసి దీపములకు పెట్టవచ్చును. పాటలు లేకుండ ఆసుపత్రి చేరవచ్చును. తొందరలో మనకు రెండే దారులు కనబడును, మూడవదానికి ఏదో ఒక సుఖము విడువవలసియుండును గనుక అది కనబడదు.

అహాబు రాజు రామోత్గిలాదు మీదికి యుద్ధమునకు పోవనుండగా, నాలుగు వందలమంది ప్రవక్తలు పొమ్మనిరి. మీకాయా ఒక్కడే కీడు జరుగునని చెప్పెను. రాజు యుద్ధము మానలేదు, మీకాయాను చెరలో వేయించెను. ఆ నాలుగు వందలమంది ఎంత కరెంటైనను మోయు లావుపాటి తీగలు.

మన ఊళ్లలో ఇది జరుగుట లేదా? లెక్కలు సరిపోలేదని కోశాధికారి సంతకము చేయడు. “ఈయనతో పని సాగదు” అని మరొకని ఎన్నుకొందుము. అతడు ఏ కాగితము మీదనైనను సంతకము చేయును. కోడలు దెబ్బలు ఓర్వలేక పుట్టింటికి వచ్చును. పెద్దలము కూర్చుండి, “మా కాలములో ఆడవారు ఎంత ఓర్చిరి!” అందుము. అనగా ఈ పిల్ల 10 గనుక తెగినది, 30 అయియుండవలసినదని మన తీర్పు. ఆ యింటిలో ఏ తీగ కాలుచున్నదో చూడబోయినవారు ఎందరు?

ఇక్కడ ఈ పోలిక సరిపోదు. కరిగిన ఫ్యూజును రోడ్డు ప్రక్కన పారవేసి దుకాణములో కొన్ని రూపాయలకు క్రొత్తది తెచ్చుకొందుము, దానికి కృతజ్ఞత చెప్పనక్కరలేదు. మనుష్యుడు అట్లు కాడు. లెక్కలలోని దోషము తరువాత బయటపడి సరిచేయబడినప్పుడు, ఆ పాత కోశాధికారి యింటికి పోయి, “అన్నా, నీవు చెప్పినది నిజమే, మరల రా” అని పిలిచిన సంఘమెక్కడ?