తెలియదనుట

వర్తకమున నష్టభయము లేని పని లేదు. సరుకు నిలిచిపోవచ్చును, ధర పడవచ్చును, అప్పు మునుగవచ్చును. తన సొమ్మును పణముగా పెట్టువానిని ఎవరును తప్పుపట్టరు. కాని వస్తువును తయారుచేసి అమ్మువానికి మరియొక అపాయముతో పని యున్నది. అది అతని ఇనుపపెట్టెను కాక కొన్నవాని దేహమును తాకునది. ఈ రెండింటిని ఒకే పద్దులో వ్రాయవచ్చునా?

1937లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున మాసెంగిల్ అను మందుల కంపెనీ యుండెను. సల్ఫనిలమైడ్ అను మందు అప్పటికే మాత్రలుగను, పొడిగను పేరు పొందియుండెను. ద్రవరూపమున కావలెనని గిరాకీ వచ్చుటచే, కంపెనీ రసాయనజ్ఞుడు దానిని డైఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవములో కరగించెను. రుచి చూచిరి, రంగు చూచిరి, వాసన చూచిరి. అన్నియు బాగుగనే యుండెను. విషమగునా యని మాత్రము ఎవరును చూడలేదు. చూడవలెనని నాటి చట్టమును కోరలేదు. నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పసిపిల్లలు అనేకులు.

ఆ కంపెనీ పరీక్షలే చేయలేదనుట సరికాదు. రుచి చెడినచో గిరాకీ పోవును, రంగు చెడినచో సరుకు తిరిగివచ్చును. కావున వానిని పరీక్షించిరి. తమకు కలుగు నష్టమునకు కాపలా పెట్టిరి, త్రాగువానికి కలుగు కీడునకు పెట్టలేదు.

చట్టప్రకారము నడచితిమి, ఇట్లగునని ఊహింపలేదు, కావున బాధ్యత లేదని యజమాని వాదించెను. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. చంపు సంకల్పము అతనికి లేదన్నది నిజమే. కాని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము హింసకు చెప్పిన నిర్వచనములోనే ప్రమాదమును చేర్చినది. నేటి వాడుకలో ఆ మాట ఎవరి తప్పును కాని దుర్ఘటనకు చెల్లుచున్నది. అచట దాని అర్థము ఏమరుపాటు. పరీక్షకై జంతువులను చంపవలెనా యని అడుగువారుందురు. అంతదూరము పోనక్కరయే లేకుండెను. ఆ ద్రవము మూత్రపిండములకు హానికరమని తెలుపు వ్రాతలు అప్పటికే వైద్యపత్రికలలో నుండెను. చదివినచో చాలియుండెను.

మరణవార్తలు వచ్చిన పిదప కంపెనీ పంపిన మొదటి తంతివార్తలలో సరుకు తిరిగి పంపుడని మాత్రమే యుండెను. ప్రాణాపాయమను మాట, అధికారులు పట్టుబట్టిన పిమ్మటనే చేరినది. 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా తిరిగి చేతికందినవి. మిగిలిన కొద్దిపాటి మందే అన్ని ప్రాణములు తీసినది! జరిమానా 26,100 డాలర్లు. అదియు చావులకు కాదు. సారాయి లేని మందుకు 'ఎలిక్సిర్' అని పేరు పెట్టినందుకు. అమ్మకమునకు ముందే క్రొత్తమందు నిరపాయమని చూపవలెనను చట్టము అచట 1938లో వచ్చెను.

అయినను 1986లో బొంబాయిలోని ఒక ఆసుపత్రిలో, అదే ద్రవము కలిసిన గ్లిజరిన్ వలన 14 మంది రోగులు మరణించిరి. జస్టిస్ లెంటిన్ విచారణ జరిపెను. గ్లిజరిన్ వంటి సరుకు డ్రమ్ములలో చేతులు మారుచు వచ్చును. మధ్యనున్న వర్తకుడు పెక్కుసార్లు మూత విప్పడు. పైచీటీని నమ్మి ముందుకు పంపును. పరీక్షకు పంపినచో నాలుగు దినములు సొమ్ము నిలిచిపోవును, ప్రక్క అంగడివాడు ముందుగా అమ్ముకొనును. ఈ కష్టము నిజమైనదే. ఆ నాలుగు దినముల వడ్డీని తమ పద్దుననే వ్రాసికొను వర్తకులు లేకపోలేదు. వారు ప్రతి డ్రమ్మునుండి నమూనా తీయించి, ఫలితము వచ్చుదాక సరుకును వేరుగదిలో పెట్టించి తాళము వేయుదురు.