గాలి లేచినప్పుడు ఆగుట పిరికితనమా?

(అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదువుడి.)

కొండదారిలో ఒంటరిగా బండి నడుపువాడు గాలి పెరిగినప్పుడు ఏమి చేయవలెను? సాగిపోవుటయే విశ్వాసమా? ఆగిపోయినయెడల అది పిరికితనమా? ప్రియ చదువరులారా, ఈ ప్రశ్న బండివానికి మాత్రమే చెందినది కాదు. వానిని పంపినవారికిని, వానికొరకు ఎదురుచూచువారికిని కూడ చెందినది.

హైదరాబాదులో ఆబిడ్సుకును నాంపల్లికిని నడుమ మొజంజాహీ మార్కెట్ అను రాతికట్టడమున్నది. ఏడవ నిజాము రెండవ కుమారుని పేరిట 1935లో కట్టబడినది. 2020లో మరమ్మతులు ముగిసి క్రొత్త కళ తెచ్చుకొన్నది. ఒకప్పుడది పండ్ల వ్యాపారమునకు పేరుమోసిన చోటు. దానిమీద గడియారపు గోపురమొకటి కలదు. ఆ కూడలినుండి బయలుదేరువాడు గడియారమును చూచి బయలుదేరును. పట్టణములో గడియారమే యజమాని. కాని వాడు దక్షిణముగా శ్రీశైలము దారిని పట్టి, డిండి దాటి, మన్ననూరు వద్ద నల్లమల అడవిలో ప్రవేశించిన తరువాత గడియారము మాట చెల్లదు. అక్కడ గాలి మాట, మలుపు మాట వినవలసినదే.

ఈ దినములలో కొందరు మంచము, పొయ్యి, నీళ్లతొట్టి అమర్చిన క్యారవానులలో ఒంటరిగా కొండలు చూడబోవుచున్నారు. లారీ నడుపు మన బిడ్డలకు ఇది క్రొత్త సంగతి కాదు. క్యాబినే వారికి పడకయిల్లు. వేడుకకు పోవువాడైనను, కూటికొరకు పోవువాడైనను, గాలికి ఇద్దరును ఒక్కటే. ఎత్తైన బండి ప్రక్కభాగము గోడవంటిది. గాలివేగము గంటకు 30 కిలోమీటర్లనుండి 60కి పెరిగినయెడల దాని త్రోపు రెండింతలు కాదు, నాలుగింతలగును. సరుకులేని లారీ నిండు లారీకంటె సులువుగా ఊగును. కొండ చాటున నెమ్మదిగా సాగిన బండిని, చాటు తప్పిన మలుపులో గాలి ఒక్కసారిగా ప్రక్కనుండి కొట్టును.

మన్ననూరు వద్ద అటవీశాఖవారి గేటు ఉన్నది. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు వన్యమృగముల క్షేమముకొరకు ఆ దారి మూసివేయుదురు. అక్కడ ఆగినవానిని ఎవరును పిరికివాడనరు, వాడును సిగ్గుపడడు. గేటు వేసియున్నది, ఆగినాడు, అంతే. కాని గాలికి గేటు లేదు. అది లేచినప్పుడు మనుష్యుడు తన మనస్సులోనే గేటు వేసికొనవలెను. ప్రక్కన తోడున్నయెడల “కొంచెము ఆగుదము” అని ఆ తోటివాడైనను చెప్పును. ఒంటరివానికి ఆ మాట చెప్పువాడు లేడు. ఒంటరిగా పడినవానిగూర్చి ప్రసంగి నాలుగవ అధ్యాయములో దుఃఖపడినది ఇందుకే గదా!

అయితే అదే ప్రసంగి పదునొకండవ అధ్యాయములో, గాలిని చూచుచు కూర్చుండువాడు విత్తనము చల్లడని హెచ్చరించుచున్నాడు. మరి ఆగుట ఎట్లు న్యాయమగును? సేద్యము చేయు మీకు దీని జవాబు తెలియును. విత్తువాడు తన గింజలను గాలికి ఒడ్డుచున్నాడు. పోయినయెడల తన గింజలే పోవును. కొండ మలుపులో గాలికెదురు పోవువాడు తన ప్రాణముతోకూడ, ఎదురుగా వచ్చు బస్సులోని తల్లిబిడ్డల ప్రాణములను సయితము పణముగా ఒడ్డుచున్నాడు. తనదానిని ఒడ్డుట ధైర్యము కావచ్చును. ఇతరులదానిని ఒడ్డుట ధైర్యము కాదు.

పౌలు ప్రయాణమును చూడుడి. మంచిరేవులను చోట ఆగుడని అతడు ముందే చెప్పెను. ఆ రేవు చలికాలము గడుపుటకు వసతిగా లేదనియు, దక్షిణపు గాలి మెల్లగా విసరుచున్నదనియు తక్కినవారు బయలుదేరిరి. పెనుగాలి వచ్చెను. ఓడలోని 276 మందియు దేవుని కృపవలన బ్రదికిరి. ఓడయు సరుకును దక్కలేదు. ఆగుడని చెప్పిన పౌలు అవిశ్వాసియా? ఆ ఓడలో అతనికంటె విశ్వాసముగలవాడెవడు?

అయితే ఆగలేని ఒంటరివానిమీదనే తప్పంతయు మోపకుడి. “ఇంకను ఎక్కడనున్నావు? సరుకు చెడిపోవుచున్నది, త్వరగా రమ్ము” అని ఫోనులో గద్దించువాడు ఆ బండిలో కనబడడు గాని, బండిని తోలుచున్నది వాడే. పండుగకు చీకటిపడకముందే ఇల్లు చేరవలెనని అలిగి కూర్చుండు మనమును అట్టివారమే. పండ్లు కుళ్లిన నష్టము తీర్చుకొనవచ్చును. లోయలో పడినవానిని ఏ ధరకు తిరిగి కొందుము?

కాబట్టి మీ యింటివాడు ఒంటరిగా ప్రయాణము కట్టినప్పుడు, ఏ దారిని పోవునో, ఎక్కడెక్కడ ఆగునో అడిగి తెలిసికొనుడి. గాలి లేచినయెడల చెట్లకు దూరముగా, కొండ చాటున, దారి విడిచి బండి నిలుపుకొమ్మని చెప్పుడి. అన్నిటికంటె ముఖ్యముగా, “ఆలస్యమైనను ఫరవాలేదు, నిన్నెవరును ఒక్క మాట అనరు” అని బయలుదేరకముందే వానికి మాట ఇయ్యుడి. వాడు వచ్చిన తరువాత ఆ మాట నిలుపుకొనుడి. ప్రక్కన ఎవరునులేని ఆ మలుపులో వానికి గేటుగా నిలుచునది మీ మాటయే.